గాలిబావి మీద మూత

బుజ్జి వాళ్ళన్నయ్యలో చెప్పుకోదగ్గ లోపం ఒక్కటే. ఆయనకు చెల్లెలంటే మహా ప్రేమ. తిట్టే అన్నయ్యతో ఎలాగో వేగవచ్చు. ప్రేమించే అన్నయ్యతో అలా కుదరదు. మనకేం కావాలో మనకంటే ముందు ఆయనకే తెలుసు. చిన్నప్పుడు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, కరిగిపోతుందేమోనని సగం తానే తినేసేవాడు. పెళ్ళయ్యాక ఆవిడ ఇంటి పరదాల రంగు ఆయనే ఎంచి పంపాడు. అది బురద రంగు. ఆవిడకు యాభై దాటాక, ఒక మాటైనా అడక్కుండా, కంపెనీ బోర్డులో డైరెక్టరును చేసి కూర్చోబెట్టాడు.

నాన్నగారు పెట్టిన ఇళ్ళు కట్టే కంపెనీ అది. ఆయన పోయాక అన్నయ్య చైర్మన్ అయ్యాడు. బోర్డులో కనీసం ఒక ఆడమనిషి ఉండాలని నిబంధన వచ్చినప్పుడు ఆయన ఇంటి చుట్టూ ఒకసారి కలయజూశాడు. వదినకు నోరెక్కువ. చెల్లెలైతే మాటకు ముందు నవ్వుతుంది. నవ్విందంటే ఒప్పుకుందన్నట్టేనని ఆయన లెక్క.

“నువ్వు సంతకం పెడితే చాలు బుజ్జీ. మిగతాదంతా నేను చూసుకుంటా,” అన్నాడు.

ఆ తర్వాత పర్యావరణం సంగతి చూడడానికి కూడా బోర్డులో ఒక కమిటీ కావాల్సి వచ్చింది. కట్టిన భవనాలు చెప్పినట్టే ఉన్నాయో లేదో చూసి, ఏటా వాటాదారులకిచ్చే నివేదికను ఆమోదించడం దాని పని. దానికి సుస్థిరతా పర్యవేక్షక కమిటీ అని నోరు తిరగని పేరు పెట్టారు గానీ, ఆఫీసులో అందరూ పచ్చకమిటీ అనేవారు. దానికి అధ్యక్షురాలు బుజ్జి. “నీకు మొక్కలంటే ఇష్టం కదా,” అన్నాడు అన్నయ్య. నిజమే, ఆవిడ బాల్కనీలో కుండీలున్నాయి. అన్నిటికంటే ఏపుగా ఉన్న మొక్క ప్లాస్టిక్‌ది.

కమిటీలో బుజ్జి, అన్నయ్య కాక ఆడిటర్ గారు ఉన్నారు. చాలా కాలం పెద్ద పెద్ద లెక్కలు చూసి రిటైరైన మనిషి. బోర్డు రూములో ఏసీ గాలి తగలగానే ఆయన కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. కునికిపాటులో తల ముందుకు వాలినప్పుడల్లా కంపెనీ సెక్రటరీ “ఆమోదం” అని రాసుకునేవాడు. ఆ తల వాలడం మీద లేచిన భవనాలు ఆ కంపెనీలో చాలానే ఉన్నాయి.

సెక్రటరీ పద్ధతైన మనిషి. మీటింగులో ఏం జరిగిందో చెప్పే మినిట్స్‌ను మీటింగుకు ముందే రాసి పెట్టేవాడు. అదేమిటండీ అని బుజ్జి మొదట్లో ఒకసారి అడిగింది.

“తర్వాత రాస్తే తప్పులు దొర్లుతాయి మేడమ్,” అన్నాడాయన.

ఆ జవాబు బుజ్జికి ఎంత నచ్చిందంటే, నవ్వేసి ఊరుకుంది. నవ్వడం వల్ల ఆవిడకు జరిగిన నష్టాల్లో అదొకటి.

ఈసారి నివేదిక కంపెనీకే తలమానికమైన ఎత్తయిన భవనం గురించి. సహజమైన గాలితోనే ఇళ్ళన్నీ చల్లగా ఉంటాయనీ, ఏసీలే అక్కర్లేదనీ అందులో రాసి ఉంది. అందుకే అక్కడ గోడలకు ఏసీలు బిగించకూడదని కొన్నవాళ్ళ చేత ముందే ఒప్పందం రాయించుకున్నారు. బుజ్జి చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా వదలదు. కాలేజీలో అర్థశాస్త్రం చదివినప్పటి రోగం అది, సబ్బు పెట్టె మీది అక్షరాలు కూడా వదలదు. అలా చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగింది. “మధ్యాహ్న వేళల్లో నివాసితులు కారిడార్లలో ఉల్లాసంగా కలుసుకుంటూ సామాజిక బంధాలను పెంచుకుంటున్నారు.”

ఆ భవనం పై అంతస్తులో ఉండేది వాళ్ళ మేనత్త. చిన్నప్పుడే తల్లి పోయిన అన్నాచెల్లెళ్ళిద్దరినీ పెంచింది ఆవిడే. భవనం పూర్తి కాగానే అన్నయ్య అక్కడ మంచి ఇల్లు చూసి, తాళాలు వెండి పళ్ళెంలో పెట్టి మరీ ఇచ్చాడు. అయితే అత్తయ్య ఉల్లాసంగా కలుసుకునే రకం కాదు. పలకరిస్తే ఊఁ అంటుంది. మరీ దగ్గరివాళ్ళయితే ఊఁఊఁ అంటుంది. అలాంటావిడ పెంచుకుంటున్న బంధాలేమిటో చూద్దామని బుజ్జి మర్నాడు మధ్యాహ్నం బయల్దేరింది. ఎప్పుడూ పొద్దున్నే వెళ్ళి వచ్చేసేది, ఆ వేళప్పుడు వెళ్ళడం అదే మొదలు.

పై అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా కుర్చీ వేసుకుని అత్తయ్య కూర్చుని ఉంది. పక్కన ఇంకో కుర్చీలో ఎదురింటి డ్రాయింగు మాస్టారు. ఇద్దరూ కళ్ళు మూసుకుని, ముఖాలు పైకెత్తి ఉన్నారు.

“ఎక్కడికి బయల్దేరావత్తయ్యా?”

“ఎక్కడికీ లేదే. పక్కకు జరుగు, అడ్డంగా నిలబడకు.”

తలుపులు మూసుకుని లిఫ్టు కిందికి పోయింది. అత్తయ్య మళ్ళీ బటను నొక్కింది.

“ఎక్కడికీ లేనప్పుడు ఎందుకు నొక్కుతున్నావు?”

“గాలికి. అది పైకి వచ్చేటప్పుడు కాస్త గాలి తోసుకొస్తుంది. ఇది నా వంతు. తర్వాత మాస్టారిది.”

“వంతులేసుకోకపోతే మాట పట్టింపులొస్తున్నాయమ్మా,” అన్నారు మాస్టారు కళ్ళు తెరవకుండానే. “కింది అంతస్తువాళ్ళు కూడా నొక్కుతారు. ఒక్కోసారి లిఫ్టు మధ్యలోనే ఆగిపోయి మన గాలి వాళ్ళకు పోతుంది.”

బుజ్జి ఇంట్లోకి వెళ్ళింది. గోడ మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. కిటికీలు బార్లా తెరిచే ఉన్నాయి గానీ, పరదా ఫొటోలో పరదాలా ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఉన్న వేడినే కలియబెట్టి నెత్తిన పోస్తోంది. మంచం మీద తడిపి పరిచిన దుప్పటి అప్పుడే ఆరిపోయింది.

“అన్నయ్యకు చెప్పలేదా?” అంది బుజ్జి.

“వాడొచ్చేది సాయంత్రాలు. గుమ్మంలోకి వస్తూనే ‘చల్లగా ఉంది కదూ అత్తయ్యా’ అంటాడు. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే నేనేం చెప్పను? ఉందిరా అంటాను. ఎంత ఇష్టంగా ఇచ్చాడనీ. వినిపిస్తోందా, నువ్వు గానీ నోరు జారావంటే నా మీద ఒట్టే. మొన్న కళ్ళు తిరిగి పడ్డానన్న సంగతి అసలే చెప్పకు.”

“పడ్డావా?”

“చూశావా, నేనే చెప్పేశాను,” అని అత్తయ్య తన మీద తానే విసుక్కుంది. “వచ్చిన కొత్తలో బాగానే ఉండేదే. మీ నాన్న బొమ్మకు మూత పడ్డాకే గాలి పోయింది.”

మూత సంగతి బుజ్జికి తెలుసు. దాన్ని ఇలా చూడడం మాత్రం ఆ రోజే తట్టింది. నాన్నగారు ఏ ఇల్లు కట్టినా మధ్యలో కింది నుంచి కప్పు దాకా ఒక చోటు ఖాళీగా వదిలేసేవారు. గాలిబావి అనేవారు దాన్ని. వేడిగాలి అందులోంచి పైకి పోతే, కిటికీల్లోంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. “ఇంటికి మొహం ఎలా ఉన్నా ఫర్వాలేదు, ముక్కుండాలి,” అనేది ఆయన మాట. ఆయన బతికుండగా మొదలుపెట్టిన ఈ భవనానికీ అలాంటి గాలిబావే పెట్టారు. అన్నయ్య దాని అడుగున నాన్నగారి కంచు విగ్రహం పెట్టించాడు. అక్కడిదాకా బాగానే ఉంది. పావురాలకు పెద్దా చిన్నా తేడా తెలియదు కదా, అవి పైనుంచి దిగి నాన్నగారి తల మీదే కాపురం పెట్టాయి. రెట్టలు చూసి అన్నయ్య కళ్ళనీళ్ళ పర్యంతమై, గాలిబావి పైన తళతళలాడే అద్దం మూత బిగింపించాడు. బతికుండగా నాన్నగారు పావురాలను పట్టించుకున్న మనిషి కాదు. ఇంజినీర్లలో ఎవరైనా అడ్డు చెప్పారో లేదో తెలియదు. చైర్మన్ తండ్రి నెత్తిన రెట్టలు పడుతుంటే గాలి లెక్కలు ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది? నివేదిక రాసినవాళ్ళు గాలిబావిని చూడలేదు, మొదట గీసిన నక్షాను చూశారు. నక్షాలో మూత లేదు.

అలా నాన్నగారి మీది భక్తితో నాన్నగారి ఇంటి ముక్కు మూసేశారన్నమాట.

బుజ్జి అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళింది. చైర్మన్ గదిలో శాలువా కప్పుకునేంత చలిగా ఉంది.

“ఆ మూత తీయించన్నయ్యా.”

“ఏ మూత?”

“నాన్న బొమ్మ పైది. ఇళ్ళలోకి గాలి రావడం లేదు.”

“ఎవరన్నారు?”

బుజ్జికి అత్తయ్య ఒట్టు అడ్డం వచ్చింది. “నేనే వెళ్ళి చూశాను.”

“అక్కడుండే అత్తయ్యే చల్లగా ఉందంటుంటే, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అన్నాడు అన్నయ్య నవ్వుతూ. “నివేదిక చదివినట్టున్నావు. అంత కష్టం నీకెందుకు బుజ్జీ, చివరి పేజీ చాలు. వచ్చే నెల వాటాదారుల సభలో అది పెట్టాలి. ఇదే నమూనాలో ఇంకో రెండు భవనాలు లేపుతున్నాం, మూతతో సహా.”

“వాటి అడుగున ఎవరి బొమ్మలు పెడతావు?”

“ఒకదాంట్లో నాన్న. రెండోదాంట్లో…” అని ఆగాడు. “ఇంకా అనుకోలేదు.”

“నేను సంతకం పెట్టను.”

అన్నయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చెల్లెలు నవ్వడం లేదని కాస్త ఆలస్యంగా చూశాడు. “పెట్టకపోతే నీ కుర్చీలోకి ఇంకో ఆడమనిషిని తెచ్చుకుంటా.”

“వదినను తెచ్చుకో.”

ఆ మాటకు ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఇటు తిరిగేసరికి గొంతు మారిపోయింది. “నాన్న తల మీద పావురాలు వాలినా ఫర్వాలేదనే చెల్లెలు నాకొద్దు. ముందా సంతకం పెట్టు. ఆ తర్వాతే మా ఇంటి గుమ్మం ఎక్కు.”

దారి పొడుగునా బుజ్జికి ఆ మాటే ముల్లులా తగులుతూ వచ్చింది. సంతకం పెడితే అత్తయ్య ఈ ఎండలన్నీ లిఫ్టు ముందు కూర్చుని దాటాలి, దాటగలిగితే. కొత్త భవనాల్లో ఎవరి అత్తయ్యలో కూర్చోవాలి. పెట్టకపోతే ఉన్న ఒక్క అన్నయ్య పోతాడు. ఐస్‌క్రీమ్ సగం తిన్నా, మిగతా సగం చేతికిచ్చింది ఆయనే.

సాయంత్రం వదిన ఫోను చేసింది. “మీ అన్నయ్య అలిగి అన్నం మానేశాడు బుజ్జీ. అంటే రెండోసారి వడ్డించుకోలేదు. ఏం చేశావేమిటి?”

బుజ్జి సంతకం సంగతి చెప్పింది.

“తగ్గకు,” అంది వదిన. “ఇన్నేళ్ళూ ఆ మనిషికి ఎదురు చెప్పే ఉద్యోగం నేనొక్కదాన్నే చేస్తున్నాను. నాకూ సెలవు కావాలి.”

రెండు రోజులయ్యాక సెక్రటరీ ఇంటికొచ్చాడు. అలవాటు ప్రకారం జరగని మీటింగుకు మినిట్స్ సిద్ధం చేసి తెచ్చాడు. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిందనీ, అధ్యక్షురాలు హర్షం వ్యక్తం చేశారనీ అందులో ఉంది.

“హర్షం బాగా కుదిరింది,” అంది బుజ్జి. “మీటింగు ఎక్కడ జరిగినట్టు రాశారు?”

“బోర్డు రూములో మేడమ్. ఎప్పుడూ అక్కడే కదా.”

“కమిటీ మీటింగు ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్పాలండీ, రూలు ప్రకారం?”

సెక్రటరీ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇన్నేళ్ళలో రూలు సంగతి ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. “అధ్యక్షులు చెప్పాలి. అంటే… మీరే.”

“అయితే ఆ ముక్క కొట్టేయండి. మీటింగు మా అత్తయ్య ఇంట్లో. మధ్యాహ్నం మూడింటికి. చల్లటి భవనం గురించిన మీటింగు ఆ చల్లదనంలోనే జరిగితే అందం.”

“చైర్మన్ గారు రాకపోతే?”

“రాకపోతే నేనూ ఆడిటర్ గారూ కలిసి తేలుస్తాం. ఆ మాట కూడా ఆయన చెవిన వేయండి, తప్పకుండా వస్తారు.”

సెక్రటరీ తెచ్చిన మినిట్స్ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, “కోటు వేసుకోవాలా మేడమ్?” అన్నాడు.

“మీ ఇష్టం. ఖాళీ కాగితాలు మాత్రం తెచ్చుకోండి.”

తన ఇంట్లో బోర్డువాళ్ళు కూర్చుంటారంటే అత్తయ్య మురిసిపోయింది. మంచినీళ్ళ గ్లాసులు తోమి వరసగా పెట్టింది. మాస్టారి దగ్గర కుర్చీలు అడిగి తెచ్చింది. తలుపు మూయబోతే మాత్రం బుజ్జి మూయనివ్వలేదు. గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా లిఫ్టు కనిపిస్తుంది.

మూడింటికి అందరూ వచ్చారు. అన్నయ్య కోటుతో వచ్చాడు, చెల్లెలి వైపు చూడలేదు. ఆడిటర్ గారు కుర్చీలో వాలి, అలవాటుగా కళ్ళు మూసుకున్నారు. వెంటనే తెరిచారు. ఇంకోసారి ప్రయత్నించారు. నిద్ర రాలేదు.

“నివేదిక మొదటి పేజీ,” అని మొదలుపెట్టింది బుజ్జి.

“చదివినట్టే అనుకుందాం,” అన్నాడు అన్నయ్య.

“అనుకునే కదా ఇక్కడిదాకా వచ్చాం,” అని బుజ్జి గొంతు సవరించుకుంది.

చదవడమంటే మామూలుగా చదవలేదు. ముందుమాట చదివింది, చైర్మన్ సందేశం చదివింది, బొమ్మల కింద రాసిన మాటలు కూడా చదివింది. రెండో పేజీకి అన్నయ్య కోటు విప్పాడు. నాలుగో పేజీకి సెక్రటరీ చెమట చుక్క కాగితం మీద పడి అక్షరాలు అలుక్కుపోయాయి. “ఇళ్ళలోకి నిరంతరం వీచే పిల్లగాలులు” అన్న చోట ఆడిటర్ గారు నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు.

“ఈ పిల్లగాలుల ముక్క నిరుడు కూడా ఉందా?” అన్నారాయన.

“ఉంది సార్. తమరు ఆమోదించారు,” అన్నాడు సెక్రటరీ.

“నేనా? ఎప్పుడు?”

“తల ఊపారు సార్.”

“నిద్రలో ఊపినా ఒప్పుకున్నట్టేనా?”

“ఇంతవరకూ అలాగే నడిచింది సార్.”

బుజ్జి నివేదిక మూసింది. “ఆమోదించేవాళ్ళు చేతులెత్తండి.”

అన్నయ్య ఒక్కడే ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి పక్కకు చూశాడు. “ఆడిటర్ గారూ.”

“మెలకువగా ఉన్నానండీ,” అన్నారాయన ఇబ్బందిగా. “ఏం చేయమంటారు చెప్పండి?”

అన్నయ్య లేచి నిలబడ్డాడు. “కమిటీలో కాకపోతే బోర్డులో తేల్చుకుంటా. అక్కడంతా నావాళ్ళే. రేపే నిన్ను తీసేస్తాను బుజ్జీ.”

బుజ్జి మూసిన నివేదిక మీద చెయ్యి వేసింది. “తీసెయ్. బోర్డులో తీసేస్తే సభకు వస్తాను. నాన్న నా పేరున కూడా వాటాలు రాశాడు, మర్చిపోయావా? వాటాదారులందరి ముందూ లేచి ఈ నివేదికే చదువుతాను, బొమ్మల కింది మాటలతో సహా. చదివి, మూత సంగతి చెబుతాను. గుమ్మం ఎక్కొద్దన్నావు, ఎక్కను. నాన్న కట్టిన ఇంటికి ఊపిరాడకపోతే ఆడుతోందని మాత్రం రాయను.”

అన్నయ్యకు చివరికి ఒకే దిక్కు కనిపించింది. తలుపు పక్కన నిలబడ్డ అత్తయ్య వైపు తిరిగాడు. “నువ్వు చెప్పత్తయ్యా. చల్లగా ఉంది కదూ?”

అత్తయ్య ఆయన్ను ఎగాదిగా చూసింది. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. నుదుటి నుంచి కారిన చెమట గడ్డం కింద చుక్కగా వేలాడుతోంది. ఆవిడ చెంగుతో తన మెడ తుడుచుకుంది.

“ఉందిరా నాయనా,” అంది.

బుజ్జి తల దించుకుంది. ఇక అయిపోయిందనుకుంది. తలెత్తేసరికి అన్నయ్య మొహం పాలిపోయి ఉంది. అబద్ధమని తెలిసిన జవాబును ఆయన అంత దగ్గరగా వినడం అదే మొదటిసారి.

ఆయన కారిడార్‌లోకి వెళ్ళాడు. తెరిచిన గుమ్మంలోంచి బుజ్జికి అంతా కనబడుతోంది. వెళ్ళిపోతాడనుకుంది. ఆయన లిఫ్టు బటను నొక్కాడు.

“వంతు నాదండీ,” అన్నారు కుర్చీలోంచి డ్రాయింగు మాస్టారు.

“నేను కిందికి వెళ్ళాలి.”

“ఓహో, నిజంగా వెళ్ళేవారా? అయితే నొక్కుకోండి. మేం ఊరికే గాలికి నొక్కుతాం.”

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకున్నప్పుడు గాలి ఒక్క విసురు విసిరి అన్నయ్య జుట్టు రేపింది. ఆయన లోపలికి అడుగు పెట్టలేదు. అప్రయత్నంగా కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తాడు. తలుపులు మూసుకున్నాయి.

“ఎప్పట్నుంచి ఇలా?”

“పైన మూత పడ్డప్పట్నుంచి. మీ అత్తయ్యగారు మొన్న ఇక్కడే కదండీ పడిపోయింది. ఆ రోజు ఎవరో కింద లిఫ్టు ఆపేసుకున్నారు. మీకు చెప్పలేదా?”

అన్నయ్య లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా, అత్తయ్య ఎదుట నిలబడ్డాడు.

“పడ్డావట.”

“కాలు జారిందిరా. ఈ నున్నటి గచ్చు మీద…”

“అత్తయ్యా.”

ఆవిడ ఇంట్లో ఉన్న ఒకే ఒక తడిగుడ్డ తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన మొహం తుడుచుకోకుండా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

సెక్రటరీకి ఆ నిశ్శబ్దం ఎలా రాయాలో తెలియలేదు. కలం పట్టుకుని మెల్లిగా దగ్గాడు. “మూత సంగతి ఏమని రాయమంటారు సార్? ‘పరిశీలనలో ఉంది’ అని రాసేయనా?”

అన్నయ్య బుజ్జి వైపు చూశాడు. అలిగాక ఆవిడ వైపు చూడడం అదే మొదలు.

“వద్దు. నే చెప్పేది రాయవయ్యా. మూత వేయించింది చైర్మన్. వేయించేముందు ఎవర్నీ అడగలేదు, వేయించాక అత్తయ్యను సరిగ్గా అడగలేదు. చెల్లెలు వచ్చి చెబితే గుమ్మం ఎక్కొద్దన్నాడు. రాశావా? బుజ్జి చెప్పింది నిజం. తప్పు నాది.”